మోటార్‌సైకిల్ ఇంధన మిశ్రమంపై బయటి ఫిల్టర్లు, సైలెన్సర్ల ప్రభావం

మోటార్‌సైకిల్‌కు కంపెనీ అమర్చిన ఎయిర్ ఫిల్టర్‌నో సైలెన్సర్‌నో తీసేసి బయట కొన్నది బిగిస్తే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి లెక్క మారుతుంది. గాలి మారినప్పుడు దానికి జతకావలసిన పెట్రోలు కూడా మారాలి. మారకపోతే మిశ్రమం పలచబడుతుంది, లేదా చిక్కబడుతుంది. మెకానిక్ షెడ్లలో వీటినే లీన్, రిచ్ అంటారు. కొత్త భాగం ఎంత గాలి అదనంగా తెచ్చిందన్నది ఇందులో సగం విషయమే. ఆ గాలి వచ్చిన సంగతి బండిలో పెట్రోలు కొలిచే ఏర్పాటుకు తెలిసిందా, లేదా అన్నది మిగతా సగం. బండి తీరును ఎక్కువగా నిర్ణయించేది ఈ రెండో సగమే. అందుకే ఒకే రకం సైలెన్సర్ ఒక బండికి చప్పుడు తప్ప ఏమీ తేదు, ఇంకో బండిని వేడెక్కించి ముక్కేలా చేస్తుంది.

ఈ విషయం పరిశీలించడానికి విశాఖపట్నం తగిన ఊరు. సముద్రాన్ని ఆనుకుని ఉన్న నగరం నుంచి సుమారు 115 కిలోమీటర్లు వెళితే దాదాపు 900 మీటర్ల ఎత్తున అరకు లోయ వస్తుంది. ఓడరేవు పరిసరాల్లో బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి, తీరం పొడవునా ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత ఉంటాయి. తూర్పు తీరంలో తొలి చమురు శుద్ధి కర్మాగారం 1957లో కాల్టెక్స్ పేరుతో ఇక్కడే మొదలైంది.  గాలి, ధూళి, ఎత్తు, ఇంధనం ఈ నాలుగూ మిశ్రమాన్ని మార్చేవే. ఫిల్టర్, సైలెన్సర్ మార్పిడి వీటికి ఐదోదిగా వచ్చి చేరుతుంది.

గాలి, పెట్రోలు నిష్పత్తి

ఇథనాల్ కలపని పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ నిష్పత్తిని లాంబ్డా 1 అంటారు. అంతకంటే గాలి ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. ఇంజిన్‌కు అన్ని వేళలా ఒకే నిష్పత్తి సరిపోదు. గరిష్ఠ శక్తి కావలసినప్పుడు 12.5 నుంచి 13 వరకు, నిలకడ వేగంలో మైలేజీ కోసం 15.5 ప్రాంతంలో ఉంటే మేలు. కాలుష్యాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మాత్రం 14.7 చుట్టూ చాలా ఇరుకైన పరిధిలోనే తన పని పూర్తిగా చేయగలదు.

ఎంత చిన్న మార్పుకు ఎంత తేడా వస్తుందో 350 సీసీ సింగిల్ సిలిండర్ బండితో లెక్క వేసి చూడవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి 4000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2000 సార్లు పీలుస్తుంది. సిలిండర్ ప్రతిసారీ 80 శాతం నిండిందనుకుంటే నిమిషానికి 560 లీటర్లు, తూకంలో సుమారు 655 గ్రాముల గాలి లోపలికి వెళుతుంది. 13 నిష్పత్తి కావాలంటే దానికి సుమారు 50 గ్రాముల పెట్రోలు పడాలి. ఫిల్టర్, సైలెన్సర్ మార్చడం వల్ల గాలి 5 శాతం పెరిగి పెట్రోలు అలాగే ఉండిపోతే నిష్పత్తి 13.65 అవుతుంది. నిమిషానికి రెండున్నర గ్రాముల పెట్రోలు తక్కువ పడినందుకే ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ వేడి పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది.

గాలి వచ్చే దారి

కంపెనీ బండిలో గాలి నేరుగా ఫిల్టర్‌లోకి రాదు. సన్నని మూతి గుండా ఎయిర్ బాక్స్‌లోకి వచ్చి, కాగితం లేదా స్పాంజి ఫిల్టర్ దాటి, రబ్బరు గొట్టం ద్వారా కార్బొరేటర్‌కు గానీ థ్రాటిల్ బాడీకి గానీ చేరుతుంది. పీల్చే చప్పుడును అణచడం, ఇంజిన్ దగ్గరి వేడి గాలిని దూరంగా ఉంచడం, వాన నీటిని ఆపడం, కార్బొరేటర్ ముందు పీడనం ఎగుడుదిగుడు కాకుండా చూడడం ఎయిర్ బాక్స్ పనులు.

బయట దొరికే మార్పిడి భాగాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది కంపెనీ బాక్స్‌లోనే సరిపోయే నూనె పూసిన కాటన్ ఫిల్టర్. కె అండ్ ఎన్, బీఎంసీ వంటి కంపెనీలవి భారత మార్కెట్లో దొరుకుతాయి. రెండోది ఎయిర్ బాక్స్‌ను పూర్తిగా తీసేసి కార్బొరేటర్ మూతికే బిగించే కోన్ ఫిల్టర్. మొదటి రకంతో మార్పు కొద్దిగానే ఉంటుంది, ఎందుకంటే బాక్స్ మూతి అలాగే ఉంది. రెండో రకంతో ఫిల్టర్ ఒకటే మారినట్టు కనిపించినా, నిజానికి గాలి దారి మొత్తం మారిపోతుంది. ఎదురుగాలి, పక్కగాలి నేరుగా ఫిల్టర్‌ను తాకుతాయి. ఇంజిన్ వెనక వేడెక్కిన గాలి లోపలికి వస్తుంది. వేడి గాలి పలచన, కాబట్టి ఎక్కువ లీటర్లు లోపలికి వెళ్లినా తూకంలో అంత లాభం ఉండకపోవచ్చు.

పొగ వెళ్లే దారి

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే పొగతో పాటు ఒక పీడన తరంగం బెండు పైపులోకి దూకుతుంది. వేడి పొగలో అది సెకనుకు 500 మీటర్లకు పైగా వేగంతో పోతుంది. పైపు ఒక్కసారిగా వెడల్పయిన చోట దానికి ఎదురుగా తక్కువ పీడన తరంగం వెనక్కి వస్తుంది. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉండే క్షణాల్లో ఆ తరంగం వాల్వును చేరితే మిగిలిన పొగను బయటికి లాగి, కొత్త గాలిని లోపలికి రప్పిస్తుంది. పొడవు మారితే ఈ సాయం అందే ఆర్‌పీఎం మారుతుంది. పొట్టి పైపులు సాధారణంగా దాన్ని పైకి జరుపుతాయి. మరీ వెడల్పయిన పైపు వేస్తే పొగ వేగం తగ్గి, ట్రాఫిక్‌లో అవసరమయ్యే కింది పికప్ పోతుంది.

కాబట్టి ‘ఫ్రీ ఫ్లో’ అన్న పేరుకు అన్ని వేగాల్లోనూ ఒకే అర్థం ఉండదు. ఒక ఆర్‌పీఎం దగ్గర సిలిండర్ ఎక్కువ నిండుతుంది, ఇంకో చోట తక్కువ నిండుతుంది. మిశ్రమం కూడా ఒక చోట లీన్, ఇంకో చోట రిచ్ కావచ్చు. బులెట్లకు వేసే గోల్డ్ స్టార్ నమూనా గొట్టాలు, ఇండోరీ, పంజాబీ అని పిలిచే సైలెన్సర్లలో చాలావాటికి లోపల అడ్డుపలకలు తక్కువ. చప్పుడు పెరిగినంతగా శక్తి పెరగదు.

  

కార్బొరేటర్ బండ్లలో

కార్బొరేటర్ పనిచేసేది ఫ్లిట్ పంపు సూత్రం మీదే. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలోని పెట్రోలు జెట్టు గుండా పైకి ఎగబాకి గాలిలో కలుస్తుంది. ఇంజిన్ ఎక్కువ గాలి పీలిస్తే ఆ చోట పీడనం మరింత తగ్గుతుంది, పెట్రోలు కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అంటే సైలెన్సర్ మార్చి గాలి కొంచెం పెరిగితే కార్బొరేటర్‌కు ఆ సంగతి చాలావరకు తెలుస్తుంది. సైలెన్సర్ ఒక్కటే మార్చిన కార్బొరేటర్ బండి అన్ని సార్లూ జెట్టు మార్పు కోరకపోవడానికి కారణం ఇదే.

ఫిల్టర్ సంగతి వేరు. చాలా బండ్లలో పెట్రోలు గిన్నెకు బయటి గాలి పీడనం తగులుతూ ఉంటుంది. గాలి మాత్రం ఫిల్టర్ అడ్డును దాటి రావాలి. ఉదాహరణకు ఫిల్టర్ దగ్గర 1 కిలోపాస్కల్, ఇరుకు గొంతులో 4 కిలోపాస్కళ్ల పీడనం తగ్గుతోందనుకుందాం. పెట్రోలును పైకి లాగే తేడా మొత్తం 5. కంపెనీ జెట్టు సైజు ఈ 5ను లెక్కలో పెట్టుకునే నిర్ణయిస్తారు. ఫిల్టర్ అడ్డు పోతే ఆ తేడా 4కు దిగుతుంది. పెట్రోలు ప్రవాహం పీడన తేడా వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సుమారు 10 శాతం పెట్రోలు తగ్గుతుంది. గాలి కొంచెం పెరుగుతుంది, పెట్రోలు తగ్గుతుంది. కోన్ ఫిల్టర్ వేయగానే కార్బొరేటర్ బండి లీన్ అయ్యేది ఇందువల్ల. గిన్నె గాలి గొట్టాన్ని ఎయిర్ బాక్స్‌లోకే కలిపిన నమూనాల్లో ఈ ప్రభావం తక్కువ.

మికుని వీఎం తరహా స్లైడ్ కార్బొరేటర్ల కంటే, బీఎస్ తరహా సీవీ కార్బొరేటర్లు ఈ మార్పుకు మరింత ఇబ్బంది పడతాయి. సీవీ కార్బొరేటర్‌లో స్లైడును కేబుల్ ఎత్తదు. డయాఫ్రమ్ పైనా కిందా ఉండే పీడన తేడా ఎత్తుతుంది. ఎయిర్ బాక్స్‌లోని నిలకడ గాలి పోతే స్లైడు ఊగిసలాడుతుంది, సగం థ్రాటిల్ దగ్గర బండి జర్కులిస్తుంది.

కార్బొరేటర్‌లో ఏ భాగం ఎప్పుడు పని చేస్తుందో తెలిస్తే లోపం ఎక్కడుందో పట్టుకోవచ్చు. స్లో స్పీడు నుంచి థ్రాటిల్ ఎనిమిదో వంతు దాటే వరకు పైలట్ జెట్, దాని స్క్రూ. పావు వంతు వరకు స్లైడు కోత. పావు నుంచి ముప్పావు వరకు సూది. ఆ పైన మెయిన్ జెట్. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని పేలితే మెయిన్ జెట్ మార్చి ప్రయోజనం లేదు. ఆ వేళ పని చేసేది పైలట్ మార్గమే.

రెండు స్ట్రోకుల బండ్లలో

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. 98 సీసీల ఆ బండి, దాని తర్వాతి ఆర్‌ఎక్స్ 135 ఇప్పటికీ అభిమానంగా నడిపేవారి చేతుల్లో ఉన్నాయి. ఈ ఇంజిన్‌లో సైలెన్సర్‌ను ఇంజిన్‌లో సగమనే అనుకోవాలి. ఎగ్జాస్ట్ వాల్వు లేదు కాబట్టి పొగతో పాటు కొంత తాజా మిశ్రమం కూడా ఎగ్జాస్ట్ పోర్టు గుండా జారిపోతుంది. ఎక్స్‌పాన్షన్ చాంబర్ అనే ఉబ్బెత్తు గొట్టంలో వెనక కోను నుంచి తిరిగొచ్చే పీడన తరంగం ఆ మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. గొట్టం ఆకారం మారితే ఈ లెక్క మొత్తం మారుతుంది. నాలుగు స్ట్రోకుల బండికి ఐదు శాతం తేడా తెచ్చే మార్పు ఇక్కడ అంతకు చాలా రెట్లు తేవచ్చు.

ప్రమాదం కూడా ఎక్కువే. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు పిస్టన్‌ను కొంత చల్లబరుస్తుంది. ఆయిల్‌ను పెట్రోలులో కలిపి పోసే బండ్లలో మిశ్రమం పలచబడితే కందెన కూడా తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. బోరు గీతలు పడితే రీబోరు తప్పదు. అందుకే రెండు స్ట్రోకుల బండికి చాంబర్ మార్చేవారు కాస్త రిచ్‌గా మొదలుపెట్టి, ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ వస్తారు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో

మన దేశంలో 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐతో ఈ పద్ధతి మధ్యతరగతి బండ్లలోకి వచ్చింది. 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 ఇంజెక్షన్‌తో వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు వచ్చాక దాదాపు కొత్త బండ్లన్నీ ఇంజెక్షన్‌కు మారాయి.

ఇక్కడ పెట్రోలును లెక్కగట్టేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. మోటార్‌సైకిళ్లలో వచ్చే గాలిని నేరుగా తూచే సెన్సర్ సాధారణంగా ఉండదు. ఈసీయూ గాలిని రెండు రకాలుగా ఊహిస్తుంది. మొదటి పద్ధతిలో థ్రాటిల్ ఎంత తెరిచారు, ఆర్‌పీఎం ఎంత అనే రెండింటినీ చూసి, కంపెనీ ముందే నింపిన పట్టికలోంచి అంకె తీసుకుంటుంది. రెండో పద్ధతిలో థ్రాటిల్ వెనకాల గొట్టంలోని పీడనాన్ని, గాలి వేడిని కొలిచి లెక్క వేస్తుంది. చాలా బండ్లు తక్కువ థ్రాటిల్‌లో పీడనాన్ని, ఎక్కువ థ్రాటిల్‌లో పట్టికను నమ్ముకుంటాయి.

ఫిల్టర్ అడ్డు తగ్గితే థ్రాటిల్ వెనక పీడనం కొంచెం పెరుగుతుంది. పీడన సెన్సర్ దాన్ని చూస్తుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. సైలెన్సర్ మారితే పీడనం అంతే ఉన్నా సిలిండర్‌లో మిగిలే పాత పొగ తగ్గి, కొత్త గాలి ఎక్కువ నిండుతుంది. అది పీడన సెన్సర్‌కు కనిపించదు. పట్టిక పద్ధతికైతే ఫిల్టరూ కనిపించదు, సైలెన్సరూ కనిపించదు. ఫిల్టర్ మార్పుకు తడబడి, సైలెన్సర్ మార్పును సర్దుకునేది కార్బొరేటర్. పీడనాన్ని చూసే ఇంజెక్షన్ దీనికి తలకిందులుగా నడుస్తుంది. కార్బొరేటర్ అనుభవంతో ఇంజెక్షన్ బండికి సలహా చెప్పడం చాలాసార్లు బెడిసికొట్టేది ఇక్కడే.

ఈ లోటును పూడ్చేది బెండు పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్. మామూలు బండ్లలో ఉండేది నారోబ్యాండ్ రకం. మిశ్రమం రిచ్ అయితే 0.9 వోల్టుల వైపు, లీన్ అయితే 0.1 వైపు మొగ్గుతుంది. ఎంత లీన్, ఎంత రిచ్ అన్నది దానికి తెలియదు. స్లో స్పీడులో, నిలకడ వేగంలో ఈసీయూ దీని మాట విని 14.7 చుట్టూ సర్దుతూ ఉంటుంది. ఈ దశను క్లోజ్డ్ లూప్ అంటారు. ఫుల్ థ్రాటిల్‌లో సెన్సర్‌ను పక్కనబెట్టి పట్టిక ప్రకారం నడుస్తుంది. బీచ్ రోడ్డులో నిలకడగా పోతున్న బండి బాగానే ఉన్నట్టు అనిపించి, జాతీయ రహదారి మీద ఓవర్‌టేక్ చేయబోతే ముక్కడం ఈ తేడా వల్లే.

సెన్సర్‌ను మోసగించే పొరపాట్లు కూడా ఉన్నాయి. బెండు పైపు జాయింటు దగ్గర గాస్కెట్ సరిగా కూర్చోకపోతే, పొగ బయటికి రావడంతో పాటు తరంగాల మధ్య బయటి గాలి లోపలికి కూడా వస్తుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి లీన్ అని చెబుతుంది. ఈసీయూ అక్కరలేని పెట్రోలు పోస్తుంది. బండి నిజానికి రిచ్ అయి, మైలేజీ పడిపోతుంది. కొత్త పైపులో సెన్సర్‌ను కంపెనీ పెట్టిన చోటికి దూరంగా బిగిస్తే అది ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా స్పందిస్తుంది.

విశాఖ పరిస్థితులు

ధూళి: ఓడరేవు 1933లో ప్రారంభమైంది. బైలాదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వచ్చే ఇనుప ఖనిజం, ఓడల్లో వచ్చే బొగ్గు ఇక్కడ పెద్ద ఎత్తున చేతులు మారతాయి. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం, పాతనగరం ప్రాంతాల్లో ధూళి సమస్య చాలా కాలంగా ఉంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ చేరింది. ధూళి పేరుకున్న ఫిల్టర్ కార్బొరేటర్ బండిని రిచ్ చేస్తుంది. గాలి బాగా పోనిచ్చే ఫిల్టర్ అయితే, నూనె ఆరిపోయాక, సన్నని ధూళిని లోపలికి వదిలి రింగులను, బోరును అరగదీస్తుంది. నూనె అతిగా పోస్తే అది సెన్సర్ల మీద, థ్రాటిల్ మీద పేరుకుంటుంది. కాటన్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే కడగాల్సిన ఊరు ఇది.

ఉప్పుగాలి: మామూలు ఇనుప రేకుతో చేసిన చవక సైలెన్సర్లు తీరంలో తొందరగా తుప్పుపట్టి, అతుకుల దగ్గర చిల్లులు పడతాయి. చిల్లు సెన్సర్‌కు ముందు, లేదా దానికి దగ్గరగా పడితే పైన చెప్పిన తప్పు కొలత మొదలవుతుంది.

ఎత్తు, వేడి: అరకులో గాలి పీడనం తీరంలో కంటే దాదాపు 10 శాతం తక్కువ. కార్బొరేటర్‌లో గాలి తూకం తగ్గినంతగా పెట్రోలు తగ్గదు. ఫలితంగా అరకు దారిలోని అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి మిశ్రమం నాలుగైదు శాతం రిచ్ అవుతుంది. కోన్ ఫిల్టర్ వేసి లీన్‌గా తిరుగుతున్న బండికి ఘాట్ పైన ఊపు వచ్చినట్టు అనిపించేది ఇందుకే. అక్కడే స్క్రూ తిప్పి సరిచేసుకుని దిగితే, విశాఖ తీరంలోని ఆర్‌కే బీచ్ చేరేసరికి బండి ఇంకా లీన్ అవుతుంది. చలి దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. సుమారు 1000 మీటర్ల ఎత్తున్న లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగితే, అక్కడి గాలి సాంద్రత విశాఖ మధ్యాహ్నపు గాలికి దాదాపు సమానమే. ఎత్తు ఒక్కటే చూసి జెట్టు మార్చడం అందుకే సరికాదు. ఇంజెక్షన్ బండ్లు పీడనాన్ని, గాలి వేడిని కొలుస్తాయి కాబట్టి ఈ తేడాలను తామే సర్దుకుంటాయి.

ఇథనాల్: పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని దేశం 2022లో అందుకుంది. 20 శాతం కలిపిన ఈ20 ఇంధనం 2023 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చి, 2025 నాటికి దేశమంతా విస్తరించింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మండడానికి బయటి గాలి తక్కువ చాలు. కావలసిన నిష్పత్తి 10 శాతం మిశ్రమానికి సుమారు 14.1, ఈ20కి సుమారు 13.5. పాత పెట్రోలుకు సరిచేసిన కార్బొరేటర్ జెట్టు ఏమీ మార్చకపోయినా ఈ20తో దాదాపు 8 శాతం లీన్‌గా నడుస్తుంది. దీనికి తోడు ఫిల్టర్ మారిస్తే రెండు లోట్లూ కలుస్తాయి. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి క్లోజ్డ్ లూప్‌లో దీన్ని సర్దుకుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం పట్టిక మీదే ఆధారపడుతుంది.

తేడా గుర్తించడం

లీన్ అయిన బండి చల్లగా ఉన్నప్పుడు చోక్ లేనిదే నిలబడదు. రైజ్ చేయగానే ఒక క్షణం తడబడుతుంది. నిలకడ వేగంలో ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు ఉంటుంది. థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో పేలుతుంది. రిచ్ అయిన బండి పొగలో పెట్రోలు వాసన, సైలెన్సర్ చివర నల్లని మసి కనిపిస్తాయి. ప్లగ్గు తడిసి మిస్‌ఫైర్ వస్తుంది. పేలుడు చప్పుడు ప్రతిసారీ లీన్‌కు గుర్తు కాదు. కొన్ని బండ్లలో పొగలోకి తాజా గాలి పంపే ఏర్పాటు ఉంటుంది. సైలెన్సర్ అడ్డుపలకలు తగ్గితే, అప్పటిదాకా వినబడని చిన్న పేలుళ్లు బయటికి వినబడతాయి. కావాలని ఇగ్నిషన్ ఆపి తెచ్చే పటాకా చప్పుడుకు మిశ్రమంతో సంబంధం లేదు.

ప్లగ్గు రంగు చూసి చెప్పే పద్ధతి పాతది. తెల్లగా ఉంటే లీన్, నల్లగా ఉంటే రిచ్, లేత గోధుమ రంగైతే సరి అంటారు. స్లో స్పీడులో ఇంటికి తెచ్చి తీసిన ప్లగ్గు మెయిన్ జెట్ సంగతి చెప్పదు. ఫుల్ థ్రాటిల్‌లో కొంత దూరం నడిపి, అదే స్థితిలో ఇంజిన్ ఆపి, క్లచ్ పట్టి నిలిపి తీసిన ప్లగ్గే చెబుతుంది. ఖాళీ ప్రైవేటు ట్రాక్ మీద తప్ప ఇది చేయదగ్గ పని కాదు. సీసం లేని నేటి పెట్రోలుతో ఈ రంగులు మునుపటంత స్పష్టంగానూ ఉండవు. నమ్మదగిన కొలత కావాలంటే ఎంత లీన్, ఎంత రిచ్ అన్నదీ చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) పైన, థ్రాటిల్ దశలవారీగా చూడాలి.

సరిచేసే పద్ధతులు

ముందు లీకులు చూడాలి. ఇన్‌టేక్ రబ్బరు బీటలు, బెండు పైపు గాస్కెట్, వాల్వు క్లియరెన్స్ సరిచూసుకోకుండా జెట్టు మార్చడం దండగ. కార్బొరేటర్‌లో మొదట మెయిన్ జెట్, తర్వాత సూది క్లిప్, చివరికి పైలట్ జెట్, స్క్రూ అనే వరస ఎక్కువమంది పాటిస్తారు.

కెయిహిన్ జెట్టు మీద నంబరు రంధ్రం వ్యాసాన్ని చెబుతుంది. 100 అంటే 1 మిల్లీమీటరు. 105కు మారిస్తే వ్యాసం పెరిగింది 5 శాతమే, రంధ్రం వైశాల్యం మాత్రం 10 శాతం దాటి పెరుగుతుంది. 5 శాతం గాలికి 102 చాలు. మికుని జెట్ల నంబర్లలో చాలావాటికి ఆధారం ప్రవాహం, వ్యాసం కాదు. కాబట్టి ఒక కంపెనీ నంబరును ఇంకో కంపెనీ కార్బొరేటర్‌కు అన్వయించకూడదు. స్క్రూ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఫిల్టర్ వైపున్న స్క్రూ గాలిది, లోపలికి బిగిస్తే రిచ్. ఇంజిన్ వైపున్న స్క్రూ మిశ్రమానిది, బయటికి వదులు చేస్తే రిచ్.

ఇంజెక్షన్ బండికి మూడు దారులున్నాయి. ఈసీయూలోని పట్టికనే మార్చడం మొదటిది. ఈసీయూకూ ఇంజెక్టర్‌కూ మధ్య బిగించి పెట్రోలు పడే సమయాన్ని మార్చే పిగ్గీబ్యాక్ పరికరం రెండోది. బెంగళూరుకు చెందిన రేస్ డైనమిక్స్ పవర్‌ట్రానిక్, అమెరికాకు చెందిన డైనోజెట్ పవర్ కమాండర్ ఈ తరహావి. ఆక్సిజన్ సెన్సర్ సంకేతాన్ని కాస్త మార్చి ఈసీయూ చేత ఎక్కువ పెట్రోలు పోయించే చిన్న పెట్టెలు మూడోది. సెన్సర్‌ను పీకేసి రెసిస్టర్ పెట్టడం మాత్రం కళ్లకు గంతలు కట్టడమే. ఆ తర్వాత ఇంధనం మారినా, ఫిల్టర్ మూసుకుపోయినా బండి సర్దుకోలేదు.

ఉద్గారాలు, చప్పుడు, చట్టం

బీఎస్ 6 మోటార్‌సైకిల్ కిలోమీటరుకు వదలదగ్గ కార్బన్ మోనాక్సైడ్ 1 గ్రాము, హైడ్రోకార్బన్లు 0.1 గ్రాము, నైట్రోజన్ ఆక్సైడ్లు 0.06 గ్రాము. క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండా ఈ పరిమితులు అందుకోవడం కష్టం. చాలా బండ్లలో అది బెండు పైపులోనో సైలెన్సర్‌లోనో అంతర్భాగం. పూర్తి ఎగ్జాస్ట్ మార్చినప్పుడు తరచూ అదీ పోతుంది. ఉంచినా, రిచ్ మిశ్రమంలో మండని పెట్రోలు దానిలో కాలి లోపలి గూళ్లు కరిగే ప్రమాదం ఉంది. లీన్ అయితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. కాలుష్య తనిఖీ కేంద్రంలో ద్విచక్ర వాహనాన్ని స్లో స్పీడులోనే పరీక్షిస్తారు. కాబట్టి సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన నడుస్తున్న వేగంలో మిశ్రమం సరిగా ఉన్నట్టు కాదు.

తయారీ దశలో చప్పుడు పరిమితి 80 సీసీ వరకు 75, 175 సీసీ వరకు 77, ఆ పైన 80 డెసిబెళ్లు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో నమోదైన కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సుపై మూడు నెలల అనర్హత విధించే వీలు వచ్చింది. స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను విశాఖ పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించి నాశనం చేసిన సందర్భాలున్నాయి.

రోడ్డు మీద తిరిగే బండికి మిగిలే మార్గం పరిమితమే. కంపెనీ ఎయిర్ బాక్స్, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ కదలకుండా, ఫిల్టర్‌ను శుభ్రంగా ఉంచడం, పాత కార్బొరేటర్ బండిని ఇప్పటి ఈ20కి తగ్గట్టు సరిచేయించుకోవడం అందులోకి వస్తాయి. చాలా బండ్లు పోగొట్టుకున్న పికప్‌లో పెద్ద భాగం వీటితోనే తిరిగి వస్తుంది. ట్రాక్ కోసం కట్టే బండికి ఫిల్టర్, సైలెన్సర్, ఈసీయూ మూడింటినీ కలిపి ఒకే పనిగా చూసి, డైనో మీద కొలిచి సరిచేస్తారు. ఒక్కటి మార్చి మిగతా రెండింటినీ వదిలేస్తే చప్పుడు పెరుగుతుంది, బండి మాత్రం మునుపటికంటే బాగా నడవదు.